ఇంటి కాగు - సర్కారు కొలత

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం సందేహించాను. ఆబ్కారీ శాఖలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి రిటైరైన వాడిని. నాకు తెలిసిన చరిత్ర అంతా సీసాలు, పీపాలు, లైసెన్సుల చుట్టూ తిరిగేదే. పెద్దలూ, కోడళ్ళూ, మనవలూ చదివే పత్రికలో అది బాగుంటుందా అన్నాను. "చరిత్రకు మడీ మైలా ఏమిటండీ, వ్రాయండి" అన్నారాయన. ఆ ధైర్యంతో ఇది వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. నాకు తాగే అలవాటు లేదు. ఎవరినీ తాగమని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒకప్పుడు ప్రతి ఇంటి ఇల్లాలూ చేసుకున్న పని ఒకటి రెండు మూడు వందల ఏళ్ళలో ఇంట్లోంచి ఎలా పోయింది, మళ్ళీ ఎలా వచ్చింది అన్నది నా విషయం. ఆ పని ఇంగ్లండులో ఇంటి బీరు కాచుకోవడం. సామాన్లు లేకపోవడం వల్ల అది పోలేదు, మంచి సామాన్లు దొరకడం వల్ల తిరిగి రాలేదు. మధ్యలో వున్నది చట్టమూ, పన్నూ. అందుకే మా శాఖవాడికి ఆసక్తి.

మొలక ధాన్యం కథ

బీరు అంటే ఏమిటో తెలియాలంటే మన వంటింటినుంచే మొదలుపెట్టవచ్చు. చంటిపిల్లలకు జావ కాయడానికి మన అమ్మలు రాగులు నానబోసి, గుడ్డలో మూటగట్టి, మొలకలు రాగానే ఎండబెట్టి, దోరగా వేయించి విసిరేవారు. ఉత్తరాంధ్రవారు చోళ్ళంటారు, తెలంగాణవారు తైదలంటారు, పని ఒకటే. ఆ పిండితో కాచిన జావ మామూలు పిండి జావకంటే పలచగా, కాస్త తియ్యగా వుంటుంది. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకునేందుకు ఒక రసాన్ని తయారుచేసుకుంటుంది. పాయెన్, పెర్సోజ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1833లో దీన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. పేరు పెట్టకముందు వేల ఏళ్ళుగా ఆడవాళ్ళ చేతులు దానితో పని చేయించుకుంటూనే వున్నాయి.

ఇంగ్లండులో రాగుల స్థానంలో బార్లీ. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్టు అంటారు. దాన్ని బరకగా విసిరి, తగుమాత్రం వేడి నీళ్ళలో ఒకటి రెండు గంటలు నాననిస్తే నీళ్ళు తియ్యబడతాయి. పిప్పి వడగట్టి, ఆ తీపి నీళ్ళను కాచి, చల్లార్చి, ఈస్టు కలిపితే అది పొంగి పులుస్తుంది. మన ఇడ్లీపిండి రాత్రికి రాత్రి పొంగినట్టే. మొత్తానికి కావలసినవి నీళ్ళు కాగడానికి ఒక కాగు, నానవేయడానికి ఒక తొట్టి, వడగట్టడానికి ఒక సాధనం, పులియబెట్టడానికి ఒక పాత్ర. ఇంతకంటే ఒక్క సామాను ఎక్కువ అక్కరలేదు.

ఒక్కటే చిక్కు, వేడి. నీళ్ళు మరీ కాగితే ఆ రసం చచ్చిపోతుంది, తీపి రాదు. మరీ చల్లగా వుంటే పిండి కరగదు. సెంటీగ్రేడులో 62 నుంచి 70 డిగ్రీల మధ్య నిలబడాలి. థర్మామీటరు లేని రోజుల్లో ఇది ఎలా సాధించారో ముందు ముందు చెబుతాను.

ఇల్లాలి పని

పదమూడవ, పద్నాలుగవ శతాబ్దాల ఇంగ్లండులో ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళది. రొట్టె కాల్చుకున్నట్టే, వెన్న చిలుకుకున్నట్టే, ఇంటికి కావలసిన ఏల్ కాచుకునేవారు. అప్పటికింకా హాప్స్ అనే చేదు పువ్వు వాడకం అక్కడ లేదు, ఆ పువ్వు లేని పానీయాన్ని ఏల్ అనేవారు. అది కొద్ది రోజుల్లోనే పులిసి పాడైపోయేది. అందువల్ల ఒక ఇల్లాలు కాచినప్పుడు ఇంటికి సరిపోగా మిగిలినది ఇరుగుపొరుగుకు అమ్మేది. వచ్చే వారం మరొకావిడ వంతు. అమ్మకానికి వుందని తెలియడానికి గుమ్మం ముందు ఒక కర్రకు ఆకుల కట్ట కట్టేవారు. కూలినాలి జనానికి ఆ పానీయం సగం తిండి.

అమ్మకం వున్నచోట సర్కారు వుండకుండా వుండదు కదా. 1266-67 నాటిదని చెప్పే రొట్టె, ఏల్ శాసనం ధాన్యం ధరనుబట్టి ఏల్ ధర ఎంత వుండాలో నిర్ణయించింది. రుచి చూసి, కొలత చూసి, తప్పు వుంటే జరిమానా వేయించడానికి ఊరూరా ఏల్ పరీక్షకులు ఏర్పడ్డారు. ఆ జరిమానాల చిట్టాల వల్లనే ఈనాటి చరిత్రకారులకు ఆ ఆడవాళ్ళ పేర్లు దొరికాయి. జుడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి వాటిని తిరగేసి 1996లో ఒక పెద్ద పుస్తకం ప్రచురించారు. ఏల్ కాచడం ఆడవాళ్ళ చేతుల్లోంచి మెల్లమెల్లగా ఎలా జారిపోయిందో ఆవిడ అందులో చూపించారు. మన శాఖ ఫైళ్ళు కూడా ఏనాటికైనా ఎవరికైనా ఇలా ఉపయోగపడతాయేమోనని చదివినప్పుడు అనిపించింది.

ఇంటి కుండకీ రాజ్యానికీ వున్న ఈ సంబంధం ఇంగ్లండువారి సొత్తేమీ కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక అధ్యాయమే వుంది. మా శాఖకు ఆయనే మూలపురుషుడు అనుకోవచ్చు. మైసూరులో శామశాస్త్రిగారు 1909లో ఆ గ్రంథాన్ని అచ్చువేసేదాకా లోకానికి సరిగా తెలియదు. అందులో మేదకమనే పానీయానికి ఒక ద్రోణం నీళ్ళు, అర ఆఢకం బియ్యం, మూడు ప్రస్థాల కిణ్వం అని లెక్క ఇచ్చాడు. కిణ్వమంటే పులియబెట్టే ముద్ద. దాన్ని మినుముల ముద్ద, బియ్యం కలిపి చేయమన్నాడు. అవే దినుసులు మనకు ఇడ్లీలయ్యాయి. తయారీ, అమ్మకం రాజ్యం అదుపులో వుంచుతూనే, శుభకార్యాలప్పుడు గృహస్థులు తెల్ల సురను తామే చేసుకోవచ్చనీ, ఉత్సవాలకూ యాత్రలకూ నాలుగు రోజుల అనుమతి ఇవ్వాలనీ వ్రాశాడు. లోకంలో ఇంటి కుండ మీద తర్వాత వచ్చిన చట్టాలన్నీ ఈ రెండు మాటల మధ్యే ఊగాయి. పట్టుకోవాలి, కొంత విడిచిపెట్టాలి.

పువ్వు, పీపా, పనిముట్లు

మళ్ళీ ఇంగ్లండుకు వద్దాం. సుమారు 1400 ప్రాంతంలో సముద్రానికి ఆవలి ఒడ్డునుంచి హాప్స్ వేసిన బీరు వచ్చింది. ఆ చేదు పువ్వు బీరు త్వరగా పాడవకుండా కాపాడుతుంది. నిలవ వుండే సరుకు దూరం పోతుంది. దూరం పోయే సరుకుకు పెద్ద పీపాలు, బళ్ళు, పెట్టుబడి కావాలి. పెట్టుబడీ, అప్పూ, వర్తక సంఘాలూ మగవాళ్ళ చేతిలో వుండేవి. కాబట్టి అమ్మకం కోసం కాచడం ఆడవాళ్ళ చేతినుంచి పోయింది. ఇంటి కోసం కాచుకోవడం మాత్రం పల్లెల్లో నిలిచింది.

పద్దెనిమిదవ శతాబ్దం వచ్చేసరికి లండన్‌లో బీరు ఫ్యాక్టరీ సరుకైంది. విట్‌బ్రెడ్ అనే ఒక్క కంపెనీ 1796లో 2 లక్షల పీపాలకు పైగా తయారుచేసింది. అంత పెద్ద ఎత్తున చేసేవాడికి అంచనాతో పని జరగదు. మైకేల్ కోంబ్రూన్ అనే ఆయన థర్మామీటరు వాడమని 1762 నాటి తన పుస్తకంలో వాదించాడు. జాన్ రిచర్డ్‌సన్ 1784లో హైడ్రోమీటరుతో తీపి నీళ్ళ చిక్కదనం కొలిచే పద్ధతి ప్రచురించాడు.

హైడ్రోమీటరు పేరు చెప్పగానే మా శాఖవారి ముఖాలు వెలుగుతాయి. నీళ్ళలో నిలువుగా తేలే ఒక బుడ్డి, దాని మెడమీద గీతలు. ద్రవం చిక్కగా వుంటే పైకి తేలుతుంది, పలచగా వుంటే మునుగుతుంది. సారా బలం కొలవడానికి సైక్స్ అనే ఆయన చేసిన హైడ్రోమీటరును బ్రిటిష్ పార్లమెంటు 1816లో చట్టబద్ధం చేసింది. ఇత్తడి బుడ్డి, తూకపు బిళ్ళలు, చెక్కపెట్టె. ఆ సైక్స్ పెట్టెనే సముద్రం దాటించి మన దేశంలోనూ పెట్టారు. నా సర్వీసు తొలి రోజుల్లో దాన్ని తుడవడమే నాకు అప్పగించిన మొదటి పని.

కూలివాడి పుస్తకం

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వస్తున్నాం. పేరు విలియం కాబెట్. 1763లో ఫార్నమ్ అనే హాప్స్ పండే ఊళ్ళో పుట్టాడు. పొలంలో పనిచేశాడు, సైన్యంలో చేరాడు, తర్వాత పత్రికా సంపాదకుడయ్యాడు. సైనికులను కొరడాలతో కొట్టించడాన్ని విమర్శించినందుకు 1810లో రెండేళ్ళు జైలుకు పోయాడు. 1832లో పార్లమెంటు సభ్యుడై 1835లో పోయాడు.

ఈయన 1821లో నెలనెలా చిన్న భాగాలుగా ఒక పుస్తకం వెలువరించాడు. కాటేజ్ ఎకానమీ దాని పేరు. పల్లెకూలి కుటుంబం తన బీరు, రొట్టె, పాలు, పందిమాంసం తానే ఎలా సమకూర్చుకోవాలో చెప్పే పుస్తకం. మొదటి విషయం బీరు కాచుకోవడమే. మొదట అదే ఎందుకు? ఆ ఏడే వ్యవసాయ పరిస్థితులపై విచారించిన పార్లమెంటరీ కమిటీ ముందు ససెక్స్ రైతు ఎల్మన్ చెప్పిన సాక్ష్యాన్ని కాబెట్ ఎత్తి చూపాడు. నలభై అయిదేళ్ళ క్రితం తాను వ్యవసాయం మొదలుపెట్టినప్పుడు ఊళ్ళో ప్రతివాడూ తన బీరు తానే కాచుకునేవాడనీ, ఇప్పుడు తాను మాల్టు ఇస్తే తప్ప ఒక్కడూ కాచుకోవడం లేదనీ ఎల్మన్ చెప్పాడు. ఒక ఉద్యోగి సర్వీసుకంటే కొంచెం ఎక్కువ కాలం. అంతలో ఊరుకు ఊరే చేతిపని మరిచింది.

కారణం కాబెట్ మొహమాటం లేకుండా చెప్పాడు. మాల్టు పన్ను. 1697లో మొదలైన ఆ పన్ను యుద్ధాల ఖర్చుకోసం పెరుగుతూ వచ్చింది. బార్లీ ఇంటి పొలంలోదే అయినా, దాన్ని మొలకెత్తిస్తే పన్ను కట్టాలి. మాల్టు చేసేవాడి తొట్టిని ఎక్సైజు అధికారి వచ్చి కొలుస్తాడు. గింజ నానడం ఆయన లెక్క ప్రకారం జరగాలి. అమ్మకానికి చేసే బీరు మీద వేరే పన్ను వుండేది, ఇంటికి కాచుకునేవారికి అది లేదు. కాని ఆ మినహాయింపు వల్ల నిజంగా లాభపడింది పెద్ద కాగులు, పెద్ద నేలమాళిగలు వున్న జమీందార్లే. కూలివాడికి మాల్టే అందుబాటులో లేనప్పుడు మినహాయింపు ఏం చేసుకుంటాడు?

కూలివాడు బీరు మానేసి టీకి మారాడు. కాబెట్‌కు టీ అంటే ఒళ్ళు మంట. దానిలో బలం లేదు, పొయ్యిదగ్గర ఆడవాళ్ళ పొద్దంతా తినేస్తుంది, లెక్కవేస్తే బీరుకంటే ఖర్చు కూడా ఎక్కువ అని అణాపైసలతో సహా లెక్క వ్రాశాడు. పొద్దున్నే టీ లేనిదే మంచం దిగని మనబోటి వాళ్ళకు ఆ పేజీలు చదివితే నవ్వు వస్తుంది. కాని ఆయన కోపం టీ మీద కాదు. పనివాడి ఇంట్లో తయారయ్యే తిండిని తీసేసి, దుకాణంలో కొనుక్కునే వస్తువును చేతిలో పెట్టిన ఏర్పాటు మీద.

ఇక సామాన్ల విషయం. కాగు, తొట్టి, చల్లార్చడానికి వెడల్పు పాత్రలు, పీపాలు. ఇవి కొనగలిగితే తరతరాలు వస్తాయని నచ్చజెప్పాడు. అదే ధాన్యాన్ని రెండుసార్లు నానవేసి, మొదటి నీళ్ళతో గట్టి బీరు, రెండో నీళ్ళతో రోజూ తాగే పలచని బీరు చేయమన్నాడు. మిగిలిన పిప్పి పందులకు.

మరి థర్మామీటరు? మాల్టు పోసేముందు నీళ్ళు ఫారెన్‌హీటులో 170 డిగ్రీలు, అంటే సుమారు 77 సెంటీగ్రేడు వుండాలన్నాడు. ఆ నీళ్ళలో చల్లని మాల్టు కలిస్తే వేడి దిగి సరిగ్గా కావలసిన చోటికి వస్తుంది. కూలివాడి ఇంట్లో థర్మామీటరు వుండదు కనుక ఇంకో ఉపాయం చెప్పాడు. మరిగిన నీళ్ళు తొట్టిలో పోసి వంగి చూడమన్నాడు. మొదట ఆవిరి దట్టంగా వుండి ఏమీ కనబడదు. కాసేపటికి ఆవిరి పలచబడి నీళ్ళలో మన ముఖం స్పష్టంగా కనబడుతుంది. అప్పుడు మాల్టు పోయమన్నాడు.

ఇది ఆయన కనిపెట్టినది కాదు, పల్లెల్లో వున్నదే. మన అమ్మలు పెరుగు తోడుపెట్టేటప్పుడు పాలలో చిటికెనవేలు ముంచి చూసినట్టే ఇదీ. ఆ వేలుకి డిగ్రీలు తెలియవు, కాని పెరుగు రోజూ తోడుకునేది.

పన్ను పోయింది, లైసెన్సు వచ్చింది

కాబెట్ పుస్తకం బాగా అమ్ముడుపోయింది. కాని పుస్తకం పన్నును తగ్గించలేదు. 1830లో అమ్మకపు బీరు మీద పన్ను ఎత్తివేశారు, మాల్టు పన్ను మాత్రం మరో యాభై ఏళ్ళు నిలిచింది. దుకాణపు బీరు చవకైంది, ఇంటి బీరు చవక కాలేదు. ఇంకా మిగిలివున్న ఇంటి కాగుల మీద కూడా చల్లనీళ్ళు పోసినట్టయింది.

1880లో గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం మాల్టు పన్నును ఎట్టకేలకు రద్దుచేసింది. దాని బదులు బీరు మీదనే, పులియకముందు తీపి నీళ్ళ చిక్కదనం కొలిచి, పన్ను వేశారు. ప్రామాణిక చిక్కదనం 1057 అని నిర్ణయించారు. నీటిని 1000 అనుకుంటే ఆ తీపి నీళ్ళ బరువు 1057 అన్నమాట. ఇలా హైడ్రోమీటరు పన్నుకే కొలబద్ద అయింది. అదే చట్టం కింద ఇంటికోసం కాచుకునేవారు కూడా లైసెన్సు తీసుకోవలసి వచ్చింది. సరిగ్గా బార్లీని ఎవరైనా స్వేచ్ఛగా మొలకెత్తించుకోవచ్చన్న నాడే, దాన్ని కాచుకోవడానికి కాగితం కావలసి వచ్చింది.

ఆ కాగితం 83 ఏళ్ళు నిలిచింది. 1963 ఏప్రిల్ బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఇంటి బీరుకు లైసెన్సు అక్కరలేదని ప్రకటించాడు. అమ్మకూడదు, అంతే షరతు. స్వేచ్ఛ వచ్చింది గాని చేసే చేతులు ఎక్కడ వున్నాయి? తాతమ్మ కాగు ఏనాడో పాత ఇత్తడి సామాన్లవాడికి పోయింది. ముఖం కనబడే నీళ్ళ మాట చెప్పేవాళ్ళు ఊళ్ళల్లో దాదాపు లేరు. ఔత్సాహికులు మొదట్లో డబ్బాల్లో వచ్చే మాల్టు పాకం కొని, నీళ్ళూ పంచదారా కలిపి పులియబెట్టారు.

బకెట్టు, గుడ్డసంచి

మళ్ళీ ధాన్యంతో మొదలుపెట్టే పద్ధతిని జనంలోకి తెచ్చినవారిలో డేవ్ లైన్ ఒకడు. 1974లో ఆయన వ్రాసిన ది బిగ్ బుక్ ఆఫ్ బ్రూయింగ్ లో ఫ్యాక్టరీ సామాన్లేవీ లేవు. ప్లాస్టిక్ బకెట్టు, గుడ్డసంచి, నీళ్ళు కాచే పాత్ర, వంటగది. కాబెట్ కూలివాడికి చెప్పిన దాన్నే మళ్ళీ పట్నపు ఉద్యోగికి చెప్పినట్టు వుంటుంది. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఔత్సాహికులు ఇంకా తగ్గించి, ఒకే పెద్ద గిన్నెలో గుడ్డసంచి వేలాడదీసి పని ముగించే పద్ధతి ప్రచారంలోకి తెచ్చారు. మన బిరియానీలో మసాలా మూట వేసి తీసేసినట్టే అది.

అమెరికా కథ కూడా ఇలాంటిదే. 1920లో వచ్చిన మద్యనిషేధం 1933లో పోయింది. ఇంట్లో ద్రాక్ష సారాయం చేసుకోవడానికి అనుమతి దొరికింది, బీరుకు మాత్రం దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశాక, మరుసటి ఏడు ఫిబ్రవరి నుంచి ఇంటికి ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గ్యాలన్లదాకా పన్నులేకుండా చేసుకోవచ్చన్నారు. అయినా రాష్ట్రాల చట్టాలు వేరు. చివరి రెండు రాష్ట్రాలు, అలబామా, మిసిసిపీ, 2013లో గాని ఒప్పుకోలేదు.

మా అక్కయ్యగారి అబ్బాయి అక్కడ కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. మేము వెళ్ళినప్పుడు ఒక శనివారం వాడు ఈ పని పెట్టుకున్నాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. విహారయాత్రలకు ఐసు వేసుకుపోయే డబ్బా ఒకటి వుంది. చల్లదనం బయటికి పోనివ్వని డబ్బా వేడినీ పోనివ్వదు కదా. దాంట్లో వేడినీళ్ళు, సుమారు 5 కిలోల మాల్టు రవ్వ పోసి మూతపెట్టాడు. గంటసేపు 66, 67 డిగ్రీల దగ్గర కదలకుండా నిలిచింది. నీళ్ళు వంచి, పెద్ద గిన్నెలో హాప్స్‌తో మరో గంట కాచి, స్నానాల తొట్టిలో చన్నీళ్ళు పట్టి ఆ గిన్నె దింపి చల్లార్చాడు. తర్వాత మూత వున్న బకెట్టు, ఈస్టు, రెండు వారాలు. మొత్తం ఇరవై లీటర్లలోపు.

ఇల్లంతా మాల్టు వాసన. మా ఆవిడ వంటింట్లోకి వచ్చి, "ఇదేమిట్రా, రాగిజావ కాస్తున్నావా?" అంది.

"అదే అత్తయ్యా, దానికి అన్నగారు" అన్నాడు వాడు. తర్వాత నావైపు తిరిగి, "మావయ్యా, ఇందులో మీ డిపార్టుమెంటు సామాను ఒకటి వుంది, చూడండి" అంటూ ఒక గాజు బుడ్డి నా చేతిలో పెట్టాడు. హైడ్రోమీటరు. సైక్స్ ఇత్తడి బుడ్డి కాదు, అయినా దాని చుట్టమే. తీపి నీళ్ళలో వేస్తే 1050 చూపించింది. రెండు వారాల తర్వాత 1012కి దిగితే ఆల్కహాలు సుమారు 5 శాతం అన్నమాట అని నేనే వాడికి లెక్క చెప్పాను. ఇంటివాడు ఎంత చేశాడో సర్కారుకు చెప్పడానికి వాడిన కొలబద్ద, ఇవాళ ఇంటివాడికే తన పని ఎలా వుందో చెబుతోంది.

మన చట్టం, మన కుండలు

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే నా పాత ఉద్యోగం నన్ను క్షమించదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం నేరం. 1968 నాటి ఎక్సైజు చట్టం తయారీకి అనుమతి వుండాలంటుంది. అమెరికానుంచి వచ్చిన పిల్లలు బకెట్టు తెచ్చినా ఇక్కడ వాడనివ్వకండి. ఇంకో మాట. పులియబెట్టడం వేరు, బట్టీపెట్టడం వేరు. బ్రిటన్, అమెరికా ప్రభుత్వాలు ఇంటి బీరును వదిలిపెట్టినప్పుడు కూడా ఇంటి సారాను ఆ సడలింపులో చేర్చలేదు.

అయితే మన దేశపు చట్టాల్లో కూడా కౌటిల్యుడి రెండో మాట అక్కడక్కడా వినిపిస్తుంది. బెంగాలు, అస్సాము వైపు బియ్యపు బీరును పచ్వాయి అని ఎక్సైజు చట్టాల్లోనే పేర్కొని, కొన్ని గిరిజన తెగలకు ఇంటి వాడకం మేరకు మినహాయింపులు ఇచ్చారు. జార్ఖండు హండియా, లడఖ్ బార్లీ చాంగ్, సిక్కిం చిరుధాన్యపు చాంగ్, కోరాపుట్ కొండల రాగి లందా, ఇవన్నీ ధాన్యంనుంచి ఇంటి కుండలో పుట్టినవే.

నేను సర్వీసులో వున్నప్పుడు ఒకసారి ఒరిస్సా సరిహద్దు కొండల్లో నాటుసారా మీద దాడికి వెళ్ళాం. బెల్లం ఊట, బట్టీ వెతుకుతూ ఒక గుడిసెలోకి తొంగి చూస్తే మూలన ఒక కుండ, లోపల చిక్కగా రాగిరంగులో పులిసిన అంబలిలాంటిది. ఇంటి ముసలమ్మ కుండకు అడ్డంగా నిలబడింది. "అది తాగేది కాదు బాబూ, తినేది" అంది. మా అధికారి కుండవంక చూశాడు, ఆమెవంక చూశాడు, "మనం వచ్చింది బట్టీకోసం, పదండి" అన్నాడు. ఆమె మాట నాకు చాలా ఏళ్ళు గుర్తుండిపోయింది. కాబెట్‌ను చదివినప్పుడు, ఆయన పేజీలకు పేజీలు వ్రాసినది ఆ ముసలమ్మ అయిదు మాటల్లో చెప్పిందనిపించింది.

అలాగని దుబగుంట తల్లుల మాట మరిచిపోకూడదు. 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు సారాకు ఎదురు నిలబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి, 1997లో సడలించారు. వాళ్ళు పోరాడింది ఇంట్లో పుట్టిన కుండతో కాదు. ఊరిబయటినుంచి వేలంపాటల్లో వచ్చి, మొగుడి కూలి డబ్బులు పట్టుకుపోయే ప్యాకెట్టుతో. ఒక దేశపు ఆడవాళ్ళ చేతినుంచి కాగు పోవడం, ఇంకో దేశపు ఆడవాళ్ళు సారాకొట్టు మూయించడం, చూడడానికి ఎదురెదురు విషయాలు. కాని రెండుచోట్లా అడిగింది ఒకటే, ఇంటి కూలి డబ్బు ఇంట్లో వుండాలని.

నలభై అయిదేళ్ళు

ఈ చరిత్ర అంతా చదివాక నాకు మిగిలిన అంకె 1057 కాదు, ఎల్మన్ చెప్పిన నలభై అయిదేళ్ళు. సామాన్లు అలాగే వున్నాయి, బార్లీ అలాగే పండుతోంది, నీళ్ళు అలాగే కాగుతున్నాయి. పన్ను వల్ల రెండు తరాలు చేయకపోయేసరికి పని పోయింది. చట్టం ఒక్క సంతకంతో తిరిగి వచ్చింది, చేతిపని అలా రాలేదు. ఎవరో ఒకరు వ్రాసి పెట్టబట్టి, పుస్తకంలోంచి దాన్ని మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది.

మనలో చాలామందికి డెబ్భై దాటాయి. రాగులు ఎన్ని గంటలు నానాలో, మొలక ఎంత పొడవు రాగానే ఎండబెట్టాలో, ఆవకాయకు ఏ ఎండ పనికివస్తుందో, పెరుగు తోడుకు పాలు ఎంత వెచ్చగా వుండాలో, ఇవన్నీ మన ఇళ్ళల్లో ఇంకా కొందరి వేళ్ళకు తెలుసు. ఈ విషయాల్లో ఏ చట్టమూ అడ్డురాలేదు. అన్నీ ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, అంతే. కోడళ్ళకు ఉద్యోగాలు, మనకు ఓపికలు తక్కువ.

అందుచేత సభ్యులకు నా కోరిక ఇది. పెన్షను ఆర్డర్లు దాచుకున్న ఫైల్లోనే రెండు తెల్లకాగితాలు పెట్టుకోండి. మీ ఇంట్లో మీ అమ్మగారు చేసి, మీ శ్రీమతిగారు ఇంకా చేస్తున్న పని ఒకటి, కొలతలతో సహా వ్రాయండి. డిగ్రీలు తెలియకపోతే ఏమీ నష్టం లేదు. ముఖం కనబడేటంత వేడి అని వ్రాసినా చాలు, రెండు వందల ఏళ్ళ తర్వాత చదివినవాడికి అర్థమవుతుంది.